శిస్తు కట్టిన రూపాయి ఎటు పోయింది?



పన్నులు, బడ్జెట్టు అన్న మాటలు చెవిన పడగానే మనలో చాలామందిమి "అదంతా మగవాళ్ళ గొడవలే" అనుకుని పొయ్యి దగ్గరకు వెళ్ళిపోతాం. పెరిగినవేవో, తగ్గినవేవో మాత్రం సాయంత్రానికి కనుక్కుంటాం. కాని ఒక్కమాట ఆలోచించండి. నెల మొదట్లో ఇంటికొచ్చిన జీతంలో పాలవాడికెంత, పిల్లల ఫీజుకెంత, పోపుల డబ్బాలో దాచేదెంత అని లెక్క వేసేది మనమేగదా! దేశానికైనా లెక్క అంతే. వచ్చేది పన్ను, పోయేది ఖర్చు. ఆ పోయేది ఎటు పోతోందన్న దాన్నిబట్టే ఊళ్ళో పదిమందికి పని దొరకడమో, దొరక్కపోవడమో ఉంటుంది.

నేను మెట్రిక్ దాకా చదివినదాన్నే. అర్థశాస్త్రం పుస్తకాలు తిరగవేసి చెప్పే శక్తి నాకు లేదు. అయితే మా ఆకివీడు వంటి ఊళ్ళో కాపురం చేసేవాళ్ళకి ఆ పుస్తకం కాలువ రూపంలో ఇంటి ముందే పారుతూ ఉంటుంది. గోదావరి పశ్చిమ డెల్టా చరిత్ర చూస్తే చాలు. సర్కారు పన్ను ఎలా తీసింది, ఎక్కడ ఖర్చు పెట్టింది, దానివల్ల ఎవరికి అన్నం దొరికింది, ఎవరి నోటి ముందు కూడు పోయింది, అన్నీ తెలుస్తాయి.

ఈ ప్రాంతాన్ని ఇవాళ అన్నపూర్ణ అంటున్నాం. నూట తొంభై ఏళ్ళ కిందట ఈ మాట అంటే నవ్వేవారు. అప్పుడిది రాజమహేంద్రవరం జిల్లా. కుంపిణీవారి పాలన. గోదావరి పక్కనుంచే పారి సముద్రంలో కలిసేది, చేలు మాత్రం ఎండేవి. వరదొస్తే మునక, వాన రాకపోతే కరువు. 1832-33 లో నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువును మన పెద్దవాళ్ళు "నందన కరువు" అని చెప్పుకునేవారు. గుంటూరు సీమలో దానివల్ల పోయినవాళ్ళు లక్ష పైమాటే. 1839 లో కోరంగి వైపు పెను ఉప్పెన వచ్చింది. 1821 లో 7 లక్షలు దాటి ఉన్న రాజమహేంద్రవరం జిల్లా జనం 1841 నాటికి 6 లక్షలకు దిగువకు పడిపోయారంటే ఇక చెప్పేదేముంది? చచ్చినవాళ్ళు చావగా, బతికినవాళ్ళు వలసపోయారు.

దీనికంతకూ వాన దేవుడొక్కడే కారణం కాదు. నరసాపురం దగ్గర మాధవాయపాలెం అని ఒక ఊరుంది. అక్కడ నేసిన తెల్లని బట్ట సీమదేశాలకు ఓడలెక్కి వెళ్ళేది. ఆ ఊరి పేరే ఇంగ్లీషువాళ్ళ నోట "మడపోలం" అయి, చివరికి ఒక రకం బట్టకే పేరైపోయింది. ఆ బట్టను కొనేది కుంపిణీవారు. కొనడానికి డబ్బు ఎక్కడిది? చాలావరకు ఇక్కడ మన రైతులు కట్టిన శిస్తే! అంటే మన పన్నుతో మన బట్టే కొని, తమ దేశంలో అమ్ముకునేవారన్నమాట. అన్యాయమే. అయినా ఆ అన్యాయంలోనూ సాలెవాళ్ళకు చేతినిండా పని ఉండేది. ఇంట్లో ఆడవాళ్ళు నూలు వడికేవారు, మగవాళ్ళు నేసేవారు, అద్దకంవాళ్ళు, చాకళ్ళు, పడవలవాళ్ళు అందరూ దానిమీదే బతికేవారు.

1830 దరిదాపుల్లో కుంపిణీవారు ఆ వ్యాపారం మానుకున్నారు. అప్పటికే మాంచెస్టరు మర బట్ట చవగ్గా దిగుతోంది. కొనుగోలు ఆగిపోయింది. పన్ను ఆగిందా? ఆగలేదు! భూమికి శిస్తు సరే, మగ్గానికి పన్ను, అంగడికి పన్ను, వృత్తి పనిముట్లకు పన్ను. వీటన్నిటికీ కలిపి మొతర్ఫా అని పేరు. అది 1850 ల దాకా సాగుతూనే ఉంది. ఊరి డబ్బు పన్నుగా బయటికి పోతూ, కొనుగోలుగానో పనిగానో తిరిగి రాకపోతే ఏమవుతుందో మాధవాయపాలెం మగ్గాలు చెబుతాయి. బావిలోంచి తోడుతూనే ఉండి, ఊట మూసేస్తే ఎన్నాళ్ళు వస్తాయి నీళ్ళు?

చివరికి సర్కారుకూ నష్టం వచ్చింది. జనం లేకపోతే శిస్తు ఎవరు కడతారు? ఆదాయం ఏటేటా తగ్గిపోతుంటే కారణం తెలుసుకోమని మాంట్‌గోమరీ అనే అధికారిని పంపారు. ఆయన 1844 లో నివేదిక రాశాడు. ఈ జిల్లా బాగుపడాలంటే శిస్తు వసూలులో కడుపు మాడ్చడం కాదు, నీటి పనులమీద ఖర్చు పెట్టాలని దాని సారాంశం. తరవాత ఆర్థర్ కాటన్ దొర వచ్చి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టవచ్చని లెక్కలు వేసి చూపించాడు. అంచనా 5 లక్షల రూపాయల లోపు. లండనులో కూర్చున్న డైరెక్టర్లు ఊరికే ఒప్పుకోలేదు. ఆదాయం పడిపోయిన జిల్లాలో లక్షలు పోయడమా అని వారి సందేహం. మొత్తానికి 1846 లో మంజూరు చేశారు. 1847 లో పని మొదలైంది, 1852 లో పూర్తయింది. ఖర్చు అంచనాను మించింది లెండి, ఇల్లు కట్టినా అంతేగదా!

ఆ అయిదేళ్ళూ ధవళేశ్వరంలో వేలమందికి పని దొరికింది. మట్టి పనికి ఉప్పర్లు, రాతి పనికి వడ్డెరలు, ఇంకా వడ్రంగులు, కమ్మర్లు, సున్నం కాల్చేవాళ్ళు, బళ్ళవాళ్ళు, పడవలవాళ్ళు. వాళ్ళందరికీ మనవారిలో అండగా నిలిచి పని నడిపించిన వీణెం వీరన్నగారి పేరు కాటన్ దొర పేరు పక్కన చెప్పుకోవాలి. కరువు వాత పడ్డ సీమలో కూలి డబ్బు చేతిలో పడితే అది ఎక్కడికి పోతుంది? బియ్యం కొట్టుకు, ఉప్పు కొట్టుకు, కుండల అంగడికి పోతుంది. అక్కడినుంచి కుమ్మరికి, తెలికలవాడికి పోతుంది. ఒక్క రూపాయి నాలుగు చేతులు మారి నాలుగిళ్ళలో పొయ్యి వెలిగిస్తుంది.

అయితే అసలు లాభం కట్టేటప్పటిది కాదు, కట్టాక వచ్చింది. విజ్జేశ్వరం తలుపుల్లోంచి నీళ్ళు పశ్చిమ డెల్టాకు మళ్ళాయి. ఏలూరు కాలువ, నరసాపురం కాలువ, గోస్తనీ వేల్పూరు కాలువ, ఉండి కాలువ, అత్తిలి కాలువ, ఇలా చెట్టు కొమ్మల్లాగా పాకాయి. చోళ్ళూ జొన్నలూ పండిన చోట వరి వచ్చింది. వరి అంటే పని. ఆకుమడి మొదలు కుప్పనూర్పుల దాకా మనుషులు కావాలి. ఊడ్పులూ, కలుపులూ ఆడవాళ్ళ చేతుల మీదుగానే సాగాలి. ధాన్యం పండితే మోసే పడవలు కావాలి, పడవకు సరంగు కావాలి, లాకు దగ్గర మనిషి కావాలి, రేవులో గుమాస్తా కావాలి. 1855 నాటికి బెజవాడలో కృష్ణ ఆనకట్ట కూడా పూర్తయింది. రెండు నదుల కాలువలూ ఏలూరులో కలిశాయి. కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవ ప్రయాణానికి దారి పడింది. 1891 జనాభా లెక్కల నాటికి గోదావరి జిల్లా జనం 20 లక్షలు దాటారు. జిల్లా హద్దులు మధ్యలో మారిన మాట నిజమే గాని, మనుషులు పారిపోయే సీమ, మనుషులు వచ్చి చేరే సీమ అయిందన్నది మాత్రం కాదనలేం.

ఇక్కడ పన్ను తగ్గించడం వల్ల వచ్చిన మేలు కూడా చెప్పుకోవాలి. అంతకు ముందు సరుకు ఒక ఊరినుంచి ఇంకో ఊరికి వెళ్ళాలంటే దారి పొడుగునా సుంకపు చౌకీలుండేవి. ఈ సాయరు సుంకాన్ని మద్రాసు రాజధానిలో 1844 లో ఎత్తేశారు. బళ్ళూ పడవలూ అడ్డులేకుండా తిరిగాయి. చౌకీలతో కాలువ తవ్వితే ధాన్యం పండినా కదిలేది కాదు. కాలువ లేకుండా చౌకీలు ఎత్తేస్తే కదలడానికి ధాన్యమే ఉండేది కాదు. తగ్గించాల్సిన పన్ను తగ్గించడమూ, పెట్టాల్సిన ఖర్చు పెట్టడమూ రెండూ జోడెద్దులు.

మరి ఆ సుంకం పోయిన లోటు ఎలా పూడ్చుకున్నారు? ఉప్పు ధర పెంచి! వర్తకుడి నెత్తిమీద బరువు దించి, పేదింటి వంటగదిలో ఉప్పు జాడీ మీద పెట్టారు. పన్ను ఎత్తేశామని సర్కారు చెప్పినప్పుడల్లా, అది ఎవరిమీదకు దిగిందో చూసుకోవాల్సింది ఇల్లాలే.

నీళ్ళు వచ్చాక నీటి తీరువ వచ్చింది. 1865 లో దానికి చట్టమే చేశారు. శిస్తూ పెరిగింది. అయినా రైతు కట్టగలిగాడు, ఎందుకంటే పంట పండింది. పన్ను బరువా, కాదా అన్నది దాని అంకె ఒక్కటే చూసి చెప్పలేం. ఎండిన పొలానికి రూపాయి బరువు, పండిన పొలానికి నాలుగు రూపాయలైనా మోయవచ్చు. ఆనకట్టకు పెట్టిన సొమ్ము సర్కారుకు ఎన్నో రెట్లు తిరిగి వచ్చింది.

ఆ వచ్చిన లాభం మళ్ళీ నీటి పనులకే పోయిందా అంటే, కొంతే పోయింది. ఆ రోజుల్లో దొరలకు రైళ్ళ మోజు. ఇంగ్లండు కంపెనీలు రైళ్ళు వేస్తే, లాభం వచ్చినా రాకపోయినా నూటికి 5 వంతున వడ్డీకి సర్కారు పూచీ ఇచ్చింది. ఆ లోటు పూడ్చింది ఇక్కడి పన్ను డబ్బే. కాలువలు తవ్వండి, పడవలూ నడుస్తాయి, పొలాలూ పండుతాయి అని కాటన్ దొర చివరిదాకా వాదించాడు. 1876-78 ధాత కరువులో బళ్ళారి, కర్నూలు, కడప సీమల్లో లక్షలమంది అలమటించి చచ్చిపోయారు. ధాన్యాన్ని మోసుకెళ్ళే రైలు ఉంది గాని, కొనుక్కోడానికి పనీ లేదు, పైకమూ లేదు. అదే కరువులో మన డెల్టా నిలబడింది. ఒక పన్ను రూపాయి కాలువలో పడితే ఏమైందో, పడకపోతే ఏమైందో పక్కపక్కనే చూపించింది ఆ కరువు.

ఇక సమయం సంగతి. పన్ను ఎంత వేశామన్నదే కాదు, ఎప్పుడు వేశామన్నదీ ముఖ్యమే. 1930 ప్రాంతాల్లో కృష్ణా గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంటు పేరుతో శిస్తును రూపాయికి 3 అణాల వంతున పెంచబోయారు. సరిగ్గా అప్పుడే ప్రపంచమంతటా మాంద్యం వచ్చి ధాన్యం ధర సగానికి సగం పడిపోయింది. ధర పడినప్పుడు రైతు మొదట ఆపేదేమిటి? కూలీలను పిలవడం. మడి గట్టు వేయించడు, మేటలు తీయించడు, ఇంటి పైకప్పు నేయించడు. అంటే పైన వేసిన పన్ను కింద కూలివాడి పస్తుగా దిగుతుందన్నమాట. ఎన్.జి. రంగాగారి వంటివారు రైతులను కూడగట్టి ఊరూరా ఆందోళన చేశారు. అది పన్ను ఎగవేసే గొడవ కాదు. కాలం చూసి అడగండి అన్న గొడవ.

డెల్టా బాగుపడింది గదా, అందరూ బాగుపడ్డారా అని ఎవరైనా అడిగితే, అవునని గబుక్కున అనలేం. 1928 లో గుడివాడ భీమవరం రైలు వచ్చాక ఆకివీడు వంటి ఊళ్ళకు ధాన్యం వ్యాపారం పెరిగింది. రైసు మిల్లులు వచ్చాయి. మిల్లులో మగవాళ్ళకు కొలువులు దొరికాయి. అంతకు ముందు వడ్లు దంచి పొట్ట పోసుకున్న ఆడవాళ్ళ రోకళ్ళు మాత్రం మూల పడ్డాయి. దంపుడు పాటలు రేడియోలో మిగిలాయి గాని దంపుడు కూలి మిగల్లేదు. అభివృద్ధి ఒక చేత్తో పని ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటుంది. తీసుకున్నవాళ్ళకు ఇంకో పని నేర్పే బాధ్యత ఎవరిది? అందరి పన్నూ తీసుకున్న సర్కారుదేగదా!

ఇప్పుడు మా కొల్లేటి సంగతికి వస్తాను. కాలువకు తల ఉన్నట్టే తోక కూడా ఉంటుంది. పై పొలాలు తాగి వదిలిన మురుగు, బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద అంతా కొల్లేటిలోకి దిగుతుంది. కొల్లేటినుంచి సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరే. నీళ్ళు తెచ్చే కాలువకు ఖర్చు పెట్టిన దొరలు, నీళ్ళు తీసే కోడుకు అంత శ్రద్ధ పెట్టలేదు. కాలువ తవ్వితే తీరువ వస్తుంది, మురుగు కోడు తవ్వితే ఏం వస్తుంది అనుకున్నారు కాబోలు! ఫలితం, పైవాళ్ళకు సార్వా, దాళ్వా రెండు పంటలు, శివారు వాళ్ళకు మునక. 1964 వరదల తరవాత మిత్రా గారి అధ్యక్షతన కమిటీ వేశారు. 1968 లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. మురుగు తీయడానికి కూడా రైతు దగ్గరే పన్ను! పోనీ, ఇచ్చిన డబ్బుతో కోడు బాగుపడితే ఇచ్చిన బాధ మరిచిపోతాం. పూడిక తీయని కోడుకు పన్ను కట్టడమంటే ఊడ్చని వాకిటికి జీతం ఇచ్చినట్టే.

1970 ల చివర్లో సర్కారు కొల్లేటి లంకల్లో మత్స్యకారులకూ, హరిజన కుటుంబాలకూ సహకార సంఘాలు పెట్టించి, అప్పు ఇప్పించి, చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే, పని కూడా దొరికింది. ఆ దారి పట్టుకునే ఆకివీడు, కైకలూరు చేపల వ్యాపారానికి పేరుపడ్డాయి. ఐసు ఫ్యాక్టరీలు, పెట్టెలు, లారీలు, చెరువు కాపలాలు, ఎన్నో బతుకుతెరువులు. కాని చాలా చెరువులు క్రమంగా డబ్బున్నవాళ్ళ చేతుల్లోకి కౌలుకు పోయాయి. ఎవరికోసం ఖర్చు పెట్టారో వాళ్ళే తమ చెరువు గట్టున కూలీలయ్యారు. పైగా గట్ల మీద గట్లు లేచి సరస్సు ఊపిరి ఆడకుండా పోయింది. 1999 లో అయిదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2005-06 లో చెరువు గట్లు పగలగొట్టారు. తవ్వడానికి సర్కారు సొమ్మే, పగలగొట్టడానికీ సర్కారు సొమ్మే! నడుమ పని పోగొట్టుకున్న లంక కుటుంబాలు ఎక్కడెక్కడికో కూలికి పోయాయి. ముందు వెనకలు చూసి ఖర్చు పెట్టకపోతే ఖర్చు కూడా కరువంత పని చేస్తుంది.

చివరగా మన వంటింటికి దగ్గరైన పన్ను ఒకటి చెబుతాను. కొట్టులో సామాను కొంటే బిల్లులో పన్ను గీత ఉంటుంది చూడండి, దాని పుట్టుక సారా సీసాలోంచి జరిగింది! 1937 లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు రాష్ట్రంలో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టింది. కల్లు, సారా ఆదాయం పోయింది. ఆ లోటు పూడ్చుకోవడానికి 1939 లో అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. మన దేశంలో సరుకులన్నిటి మీదా వేసిన మొదటి అమ్మకం పన్ను అదే. అదే పెరిగి 2005 లో వ్యాట్ అయింది, 2017 జులై 1 న జి.ఎస్.టి. అయింది. మన రాష్ట్రంలో 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఖజానాకు ఆదాయం పోతుందని పెద్దలు బెదిరిస్తే, మా ఇళ్ళ ఖజానా మాటేమిటన్నట్టుగా నిలబడ్డారు. 1993 లో సారా నిషేధం, 1995 లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1983 లో మొదలైన కిలో 2 రూపాయల బియ్యం 1996 లో మూడున్నర అయింది. ఆదాయం చాలడం లేదని 1997 లో మద్యనిషేధాన్ని సడలించారు. తాగుడు డబ్బుతో కొలువులు నడపాలా, వేరే దారి వెతకాలా అన్న ప్రశ్న అప్పటినుంచీ అలాగే వేలాడుతోంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు అందరికంటే ముందు, తాగి వచ్చినవాడికి తలుపు తీసే ఆడదానికి ఉంది.

ఇంత చరిత్రలోంచి మనం పట్టుకెళ్ళాల్సింది కొద్దిగానే ఉంది. పన్ను ఎక్కువయితే పనులు పోతాయని కొందరు, ఖర్చు పెంచితే పనులు వస్తాయని కొందరు వాదించుకుంటారు. మన డెల్టాను అడిగితే ఇద్దరి మాటా సగం సగం నిజమేనంటుంది. మగ్గం మీద పన్ను మగ్గాన్ని ముంచింది, కాలువలో పోసిన పన్ను వరి వెన్నయి తిరిగి వచ్చింది. సగంలో వదిలేసిన కోడు శివారు ఊళ్ళను ముంచింది.

అందుకని ఈసారి కొట్టునుంచి బిల్లు తెచ్చుకున్నప్పుడు ఊరికే నలిపి పారేయకండి. అందులో రాష్ట్రం వాటా ఒక గీత, కేంద్రం వాటా ఒక గీత ఉంటాయి. పిల్లల చేత చదివించండి. నెలకు ఎంతయిందో పద్దు పుస్తకంలో ఒక వరస వేసుకోండి. ఆ తరవాత వార్డు మెంబరు ఓటుకు వచ్చినా, కౌన్సిలరు మాటలు చెప్పినా, మన వీధి కాలువ పూడిక ఎప్పుడు తీస్తారు, ఆ పనికి ఊళ్ళోవాళ్ళను పెడతారా, బయటినుంచి తెస్తారా, ఎంత ఖర్చయింది అని నింపాదిగా అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు. మన డబ్బు లెక్క మనం అడగడం గయ్యాళితనం కాదు, ఇల్లాలితనమే.